పాడుపడిన పల్లెయు, నిందపడిన ఎలుగును

2025వ సంవత్సరము నవంబరు మాసమున జపాను దేశపు ఉత్తరభాగముననున్న అకిత మండలమునకు సైనికులు పంపబడిరి. శత్రువులతో యుద్ధమునకు గాదు. ఎలుగుబంట్లను పట్టు బోనులను మోయుటకును, కొండదారులయందు వానిని అమర్చుటకును. ఎలుగులను కాల్చుట వారి పని కాదు. వేటగాండ్రు ముదుసలులైరి, పనివారు చాలకపోయిరి, కావున మండలాధిపతి సైన్యసాహాయ్యమును వేడుకొనవలసివచ్చినది. ఈ వార్తను గూర్చి మా చెవినిబడిన మాట యొక్కటియే: "అడవిమృగములు ఊళ్లమీదికి దండెత్తి వచ్చుచున్నవి" అని. ఆ మాటను ఖండించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

దండెత్తుట యనగా నేమి? ఒకరి పాలనలోనున్న నేలను మఱియొకరు బలిమితో ఆక్రమించుట. ఎవరి పాలనలోను లేని నేలలోనికి వచ్చినదానిని దండెత్తినదనుట న్యాయము గాదు. తలుపులు బార్లదీసి, ఉట్టిమీద పాలకుండ నుంచి, పట్నమునకు పోయిన గృహస్థుడు ఏడాదికి తిరిగివచ్చి పిల్లిని నిందించినచో ఇరుగుపొరుగువారేమందురు? జపానులో జరిగినది ఇదియే. మన హిమాలయ ప్రాంతమున జరుగుచున్నదియు నిదియే. మృగము ముందునకు వచ్చుటకు పూర్వమే మనుష్యుడు వెనుకకు తగ్గెను. ఈ వరుసను తలక్రిందుగా చదివినవారు చేయు చికిత్స యెన్నడును కుదురబోదు.

ముందుగా నొకమాట చెప్పవలయును. ఎలుగు ప్రాణమును అవ్వ ప్రాణముకంటె మిన్నగా నెంచువారము మేము గాము. 2023 ఏప్రిలు మొదలు 2024 మార్చి వఱకు గల కాలమున జపానులో 219 మంది ఎలుగుల వాతబడిరి. వారిలో ఆర్గురు మరణించిరి. అకిత మండలమొక్కటియందే బాధితులు 70 మంది. 2025లో దేశమందలి మృతుల సంఖ్య పదిని మించిపోయెను. పెరటితోటలో పనిచేయుచున్నవారు, పుట్టగొడుగులకై కొండవాలునకు పోయినవారు, వాకిట నిలిచినవారు బలియైరి. వారిలో వృద్ధులు పెక్కురు. అట్టి ఇంటివారి యెదుట నిలిచి మృగదయను బోధించుట మాకు చేతగాదు. కాని కారణమును దప్పుగా చెప్పి రేపటి అవ్వను సయితము అదే వాకిట నిలుపుట మాత్రము దయ యగునా?

జపానువారి భాషలో "సతోయామా" అను మాట కలదు. "సతో" యనగా పల్లె. "యామా" యనగా కొండ. పల్లెకును కొండకును నడుమనుండు నేలకు ఆ పేరు. అది అచ్చమైన అడవియు గాదు, పొలమును గాదు. పల్లెవారు అచటి చెట్లను కొన్నియేండ్లకొకసారి మొదలంట నఱకి బొగ్గు కాల్చెడివారు. మోడునుండి మరల చిగుర్పనిచ్చెడివారు. రాలిన ఆకును ఊడ్చి పొలమునకు ఎరువుగా కొనిపోయెడివారు. పశువులకు గడ్డి కోసెడివారు. కావున అచట పొదలు బలియుటకు తావు లేకుండెను. వెలుతురు నేలవఱకు దిగుచుండెను. ఉదయము మొదలు సాయంకాలము వఱకు ఎవరో యొకరి గొడ్డలిచప్పుడు వినబడుచుండెను. ఎలుగు సహజముగా బిడియపు జంతువు. చాటులేని బయలును దాటి, మనుష్యుల అలికిడి నడుమనుండి ఊరిలోనికి వచ్చుటకు అది జంకును. రాయి పేర్చకుండ కట్టిన గోడ యది. దానిని కట్టినది యే ప్రభుత్వమును గాదు. దినదినమును పొయ్యికి పుల్లలు తెచ్చుకొన్న చేతులు.

1950వ దశకము మొదలు ఆ గోడ కరగసాగెను. కిరసనాయిలును గ్యాసును వచ్చినవి. బొగ్గు కొనువారు లేరైరి. సీమయెరువు వచ్చినది, ఆకు ఊడ్చువారు లేరైరి. పడుచువారు టోకియోకును ఒసాకాకును పోయి కర్మాగారములలో చేరిరి. వరిమళ్లు బీళ్లయినవి, బీళ్లు పొదలయినవి, పొదలు ఇంటిగోడవఱకు వచ్చినవి. జపానువారి పెరళ్లలో "కకి" అను పండ్లచెట్టు సామాన్యముగా నుండును. కోయుటకు చేతులు లేని యింట ఆ పండ్లు కొమ్మలకే మిగిలి, శరదృతువున నారింజరంగున వ్రేలాడుచుండును. ఎలుగు శీతకాలమున గుహ చేరి నిద్రించుటకు ముందు కొవ్వు కూడబెట్టుకొనవలసినది సరిగా ఆ ఋతువుననే. కొండమీద బీచి చెట్ల గింజలు, సిందూరజాతి చెట్ల కాయలు దాని ముఖ్యాహారము. ఆ చెట్లు అన్ని యేండ్లును సమముగా కాయవు. ఒకయేడు విరుగగాచి, మఱియొకయేడు గొడ్డుపోవును. గొడ్డుపోయిన యేట ఎలుగు క్రిందికి దిగుట పూర్వమును కలదు. దిగివచ్చి మనుష్యుని జూచి మరలిపోయెడిది. ఇప్పుడు దిగివచ్చి పండ్లను చూచుచున్నది. మరలుమని చెప్పువారు లేరు. తల్లివెంట వచ్చిన కూన కకిచెట్టు దారి నేర్చుకొనుచున్నది. పెరిగి పెద్దదై అది మరల వచ్చుట వింతయా?

అకిత మండలపు జనసంఖ్య 1956లో సుమారు 13 లక్షల 50 వేలు. నేడది సుమారు 9 లక్షలు. నూటికి దాదాపు 39 మంది అఱువదియైదేండ్లు దాటినవారు. 2023లో జపాను ప్రభుత్వము గృహములను లెక్కింపగా దేశమున 90 లక్షల యిండ్లు నిర్జనములుగా నుండెను. అనగా ప్రతి నూఱింటికి దాదాపు పదునాలుగు. షికొకు ద్వీపమున ఇయా లోయలో నగోరో అను చిన్న పల్లె యున్నది. అచటి బడి 2012లో మూతబడెను. ఊరికి మరలివచ్చిన యొక స్త్రీ పిట్టలను బెదరించుటకై తండ్రి పోలికతో నొక దిష్టిబొమ్మను చేసెను. పిదప పోయినవారికి, వలసవెళ్లినవారికి ఒక్కొక్క బొమ్మ చొప్పున చేయుచువచ్చెను. నేడా యూర మనుష్యులకంటె బొమ్మలే పెక్కు రెట్లు. బడిలో బల్లలముందు బొమ్మలు, బస్సు ఆగుచోట బొమ్మలు. యాత్రికులు పోయి ఛాయాచిత్రములు తీసికొనుచున్నారు. చేనిలో దిష్టిబొమ్మ యుండుట మనమెఱుగుదుము. ఊరే దిష్టిబొమ్మ యైనప్పుడు ఏ మృగము బెదరును?

ఇక ప్రతిపక్షుల వాదములను విచారింతము.

మొదటివారు తుపాకివాదులు. "తర్కములేల? కాల్చిపారవేయుడు" అందురు. ఊరిలో జొరబడి మనుష్యులమీద పడుచున్న ఎలుగును కాల్చవలసినదే. అందు మాకు విప్రతిపత్తి లేదు. జపాను ప్రభుత్వము 2024లో ఎలుగులను నియంత్రింపవలసిన మృగముల పట్టికలో చేర్చెను. జనావాసములలో అత్యవసరసమయమున తుపాకి పేల్చుటకు వీలు కల్పించు సవరణమును 2025 సెప్టెంబరు మొదలు అమలుపఱచెను. మంచిదే. కాని పేల్చువారెవరు? 1975లో ఆ దేశమున వేట అనుమతి పొందినవారు 5 లక్షల పైచిలుకు; ఇటీవలి కాలమున వారు సుమారు 2 లక్షలు, అందును సగమునకు పైగా అఱువదియేండ్లు దాటినవారు. తుపాకి సయితము పల్లెతోపాటు ముదిసినది! మఱియు నీ మార్గము క్రొత్తదియు గాదు. హొక్కైదో ద్వీపమున తోడేళ్లను విషము పెట్టి నిర్మూలించిరి. హొన్షూలో 1905 తరువాత తోడేలు నిశ్చయముగా చిక్కినట్లు లేదు. తోడేలు పోయినది, లేళ్లు పెరిగినవి. 2022లో అడవిజంతువులవలన ఆ దేశపు పంటలకు గలిగిన నష్టము సుమారు 1,560 కోట్ల యెన్నులు; అందు లేళ్లదియు పందులదియు పెద్దవాటా. తుపాకి వచ్చిన మృగమును చంపును. వచ్చెడి దారిని మూయలేదు.

రెండవవారు ప్రకృతివాదులు. వీరు పట్టణములలో ఎనిమిదవ అంతస్తున కూర్చుండి, "పోనిండు, ప్రకృతి తన నేలను తాను తీసికొనుచున్నది, సంతోషమే" అందురు. వినుటకు వేదాంతమువలె నున్నది. కాని యా నేల ప్రకృతిదిగా నుండియుండలేదే! జపాను అడవులలో నూటికి నలువది వంతులు మనుష్యులు నాటినవే. యుద్ధానంతరము కలపకొఱకై సుగి అను సూచీపత్రవృక్షములను కొండలమీద బారులు దీర్చి నాటిరి. పిదప చౌకైన విదేశపు కలప దిగుమతియై, ఆ తోపులను పలుచన చేయువారు లేక చీకటి కమ్మినది. క్రింద గడ్డిపోచయు మొలవదు, ఎలుగునకు గింజయు దొరకదు. సగము చేసి విడిచిన పని ప్రకృతి కాదు. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి: ఆ పల్లెలలో నింకను మనుష్యులున్నారు. నడుము వంగిన అవ్వలు, తాతలు. వారిని లెక్కవిడిచి సంతోషించువారి వేదాంతము మాకు వలదు. 2011లో ఫుకుషిమా అణుప్రమాదమువలన ఖాళీచేసిన ఊళ్లలో అడవిపందులు వీథులవెంట తిరిగెను. దానిని విముక్తి యని ఆ ఊరివారి యెదుట నిలిచి యెవరు చెప్పగలరు?

మూడవవారు అందఱికంటె అపాయకరులు. "స్త్రీలు బిడ్డలను కనుట మానిరి, అందుచే పల్లెలు పాడయినవి, అందుచే మృగములు వచ్చినవి" అని వీరి వాదము. సోదరీమణులారా, చూచితిరా! ఎలుగు తప్పును సయితము చుట్టిచుట్టి మీ కొంగునకే ముడివేసిరి. 2014లో జపానులో నొక పండితసంఘము "అంతరింపగల స్థానికసంస్థలు" అని 896 పేర్లను ప్రకటించెను. అంతరించుటకు వారు పెట్టుకొన్న కొలబద్ద యేది? ఇరువది మొదలు ముప్పదితొమ్మిదేండ్ల వఱకు గల స్త్రీల సంఖ్య 2040 నాటికి సగమునకు తగ్గుట! లెక్కలో తప్పులేకపోవచ్చును. కాని ఆ స్త్రీలు ఎందులకు పోవుచున్నారని అడుగుట కదా మొదట చేయవలసిన పని? పల్లెటూరి యింట కోడలికి తెల్లవాఱక మునుపే పని, అత్తమామలకు శుశ్రూష, ఊరి సభలలో వడ్డన. నిర్ణయించుచోట మాత్రము ఆమెకు పీట లేదు. చదివిన పిల్లకు తగిన కొలువు లేదు. అట్టి యూరిని విడిచిపోయినందులకు ఆమెను నిందించువారు, ఊరిని అట్లుంచినవారిని ఏల నిందింపరు?

ఈ వాదము తప్పనుటకు దూరదేశము పోనక్కఱలేదు. మన యుత్తరాఖండమే సాక్షి. 2001కిని 2011కిని నడుమ దేశమంతట జనసంఖ్య పెరుగుచుండగా, అచటి అల్మోరా, పౌడీ గఢ్వాల్ జిల్లాలలో తగ్గెను. వలసలను విచారించుటకై యేర్పడిన సంఘము 2018లో వెలువరించిన నివేదిక ప్రకారము, 2011 తరువాత 734 గ్రామములు పూర్తిగా నిర్జనములయ్యెను. బిడ్డలు పుట్టక కాదు. పుట్టినవారికి బడి, వైద్యుడు, జీతము ఊర లేక. మగవారు మైదానములకు పోయిరి. మెట్టచేలు గచ్చపొదల పాలయినవి. ఆ పొదలలో చిరుతపులి పడుకొనుచున్నది. ఊర మిగిలిన స్త్రీలు గడ్డికిని కట్టెలకును ఆ పొదల ప్రక్కనుండియే పోవలయును. పోయిన మగవానిని ఎవరును తప్పుపట్టరు. ఉన్న యాడుది పులివాత బడుచున్నది.

"ఊళ్లు నిండియున్న కాలమునను చిరుతలు మనుష్యులను తినలేదా?" అని యొకరు మమ్ము ప్రశ్నించిరి. తిన్నవి. రుద్రప్రయాగ ప్రాంతమున 1918 మొదలు 1926 వఱకు ఒకే చిరుత 125 మందిని చంపినట్లు లెక్క. దానిని వేటాడిన జిమ్ కార్బెట్టు కారణమును వ్రాసియున్నాడు: 1918 నాటి విషజ్వరములో చచ్చినవారిని దహించు తీఱిక లేక, శవములను లోయలలోనికి త్రోసివేయగా, ఆ చిరుత నరమాంసపు రుచి మరగినదని. అచ్చటను మృగముకంటె ముందు చెడినది మనుష్యుల యేర్పాటే.

మన తెలుగునాటి మాటయు చెప్పవలయును. అన్నిటిని ఒకే గాటకట్టుట మా యుద్దేశము గాదు. పార్వతీపురము ప్రాంతమున ఏనుగులు చేలలో పడుటకు కారణము పల్లెలు ఖాళీయగుట గాదు. వాని యడవులు చెదరుట. తెలంగాణమున కోతుల బెడదకు అడవి తఱుగుటయు, దారిప్రక్క మనము విసరు అరటిపండ్లును కారణములు. 2020లో నిర్మల్ సమీపమున కోతులకై పునరావాసకేంద్రమును తెఱువవలసివచ్చినది. కాని మంచె యెక్కి వడిసెల త్రిప్పు కుఱ్ఱవాడు నేడే యూర నున్నాడు? అతడు హైదరాబాదులోనో, అమెరికాలోనో యున్నాడు. తండ్రి తాళము వేసిన యింటి అరుగుమీద కోతి కూర్చున్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటున 1.7, తెలంగాణమున 1.8 బిడ్డలు. జపాను నడచిన దారిలో మనమును కాలు మోపితిమి. ఇద్దఱికి మించి బిడ్డలున్నవారు స్థానికసంస్థల యెన్నికలలో నిలువరాదను మునుపటి నిబంధనను ఆంధ్రప్రదేశ శాసనసభ 2024లో ఎత్తివేసెను. అన్యాయమైన నిబంధన పోవుట మేలే. కాని ఆ యేడే ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఎక్కువమంది బిడ్డలను కనుడని ప్రజలకు హితవు చెప్పిరి. నిన్న "వలదు" అని చెప్పినదియు స్త్రీ శరీరమునకే. నేడు "కనుము" అని చెప్పుచున్నదియు స్త్రీ శరీరమునకే. ఊరికి వైద్యుని పంపుము, బడికి పంతులును పంపుము అని ప్రభుత్వము తనకు తాను ఎన్నడు చెప్పుకొనును?

"ఖండించుట సులభము, చేయవలసినదేమి?" అని పాఠకులడుగవచ్చును. చెప్పుచున్నాము.

మొదటిది, ఏ నేలను నిలుపుకొందుము, దేనిని అడవికి విడుతుమో ఊరివారు కూర్చుండి బహిరంగముగా నిర్ణయింపవలయును. చెప్పక విడుచుటయే అన్ని యనర్థములకు మూలము. విడువదలచిన చోట ఒంటరిగానున్న వృద్ధులను వారి సమ్మతితో, వారి ఖర్చు లేకుండ, ఇరుగుపొరుగు గల చోటికి చేర్పవలయును. నిలుపదలచిన చోట ఊరిచుట్టును పొదలు కొట్టి బయలు చేయవలయును. దిక్కులేని పండ్లచెట్లను కోయవలయును, లేదా నఱకవలయును. చేలకు విద్యుత్తీగల కంచె వేయవలయును. ఇది కల గాదు. జపానులోనే కరుయిజావా అను పట్టణమున ఎలుగులు తెఱువలేని చెత్తతొట్లను అమర్చి, శిక్షితములైన కుక్కలతో వానిని ఊరిదరినుండి తఱుముచు, చంపకయే చాలవఱకు దూరముంచుచున్నారు.

రెండవది, ఈ పనిని జీతమిచ్చి చేయింపవలయును. పూర్వము పొద కొట్టినది, ఆకు ఊడ్చినది, కాయ కోసినది ఉచితముగా దొరకిన చాకిరి. అందును పెద్దపాలు స్త్రీలది. ఉచితము గనుక దాని విలువ నెవరును లెక్కింపలేదు. అది ఆగినప్పుడు గాని తెలియలేదు, అదియే కంచె యని. సైన్యమునకు వ్యయమైన ధనము దానికి ముందే వ్యయమైయుండినచో సైన్యమక్కఱయుండెడిది గాదు.

మూడవది, ఊర నిలిచినవారికి ఊరిమీద హక్కుండవలయును. భర్త పట్నము పోగా ఒంటరిగా సేద్యము చేయుచున్న స్త్రీ బ్యాంకునకు పోయిన, "పట్టా నీ పేర లేదు" అనిపించుకొని మరలెడిది. ఉత్తరాఖండ ప్రభుత్వము 2021లో భర్త పిత్రార్జిత భూమిలో భార్యను సహస్వామినిగా గుర్తించుటకు చట్టసవరణము తెచ్చెను. అసంపూర్ణమైనను సరియైన దారి యది. కాగితముమీద హక్కు, ఊర వైద్యశాల, సభలో పీట. ఈ మూడును లేని పల్లెలో నిలువుమని చదివిన యాడుపిల్లను ఎవరు కోరగలరు? కోరినవారు తమ కొమార్తెల నచటికి పంపుదురా?

పాఠకులారా, మీలో పెక్కురకు ఊర నొక యిల్లు కలదు. తాళము మీ బీరువాలో నుండును. పండుగకు పోయి బూజు దులిపి, పెరటి జామచెట్టును చూచి నిట్టూర్చి, మరల తాళము వేసి వత్తురు. ఆ యింటికి ప్రక్కన ఒక పెద్దమ్మ యింకను దీపము పెట్టుచున్నది. మీ పెరటి పొదలు ఆమె గోడదాక వచ్చినవి. పెరడు శుభ్రముచేయుటకు ఒకరికి కూలి యిచ్చుట, దున్నలేని చేనును దున్నువారికి వ్రాతపూర్వకముగా కౌలునకిచ్చుట, అదియును గాకున్న అమ్మివేయుట మీ చేతిలో నున్న పనులు. రేపు ఆ పెద్దమ్మ వాకిట ఏ పందియో, ఏ ఎలుగో నిలిచెనని పత్రికలో చదివినప్పుడు, "మృగములు దండెత్తుచున్నవి" అని మీరనకముందు, తాళము ఎవరి బీరువాలో నున్నదో యొకసారి చూచుకొనుడని మా మనవి.